రాయని ఫౌలు

నా కొడుకు రెనాటో ఇరవై ఆరేళ్లవాడు, ఆరడుగుల రెండంగుళాల మనిషి. మూడు వందల మంది చూస్తుండగా, ఆట మధ్యలో, వాణ్ణి చొక్కా పట్టుకుని కోర్టులోంచి బయటికి లాక్కొచ్చాను. అది తలుచుకుని మా ఊరు ఇంకా నవ్వుతూనే ఉంది. నవ్వాల్సింది దానికి కాదని చెప్పి చెప్పి నా నోరు నొప్పెడుతోంది.

మాది సాన్ రోకె, సముద్రం ఒడ్డున ఊరు. చర్చి వెనక రేకుల కప్పు కింద బాస్కెట్‌బాల్ కోర్టు ఉంది. దాని అంచునే, మా జట్టు బెంచీ వెనక, బొగ్గుల పొయ్యి పెట్టుకుని కోడి పేగులూ పంది మాంసమూ పుల్లలకు గుచ్చి కాల్చి అమ్ముతాను. పద్దెనిమిదేళ్లలో ఒక్క ఆట కూడా వదల్లేదు. కాబట్టి ఆట సంగతి నాకు తెలియదని ఎవరూ అనడానికి లేదు.

మూడేళ్లుగా మా జట్టుకు ఓటమి లేదు. ఖర్చంతా కౌన్సిలర్ బెర్నాబె లొంతోక్ గారిది. ఒక్కో ఆటగాడికి రెండు జతల యూనిఫాం, వీపు మీద ఆటగాడి పేరు కన్నా పెద్ద అక్షరాల్లో ఆయన పేరు. ఈ వేసవి సెమీఫైనల్లో మాకు ఎదురుపడినవాళ్లు బాటో దీవి జాలర్లు. తెల్ల బనియన్లకు నీలం రంగు అద్దుకుని, నంబర్లు పడవలకు వేసే పెయింటుతో రాసుకుని వచ్చారు. మూడు ఆటల్లో రెండు గెలిచినవాళ్లు ఫైనల్‌కి వెళ్తారు. మూడో ఆటతో పనే పడదని ఊరంతా అనుకుంది. కౌన్సిలర్ గారైతే మా జట్టు ఫైనల్ చేరినందుకు అభినందనలు చెబుతూ, తన నవ్వు ముఖంతో ఫ్లెక్సీ ముందే కొట్టించి కోర్టు మీద కట్టించారు.

మొదటి ఆట మూడు పాయింట్ల తేడాతో గెలిచాం. ముప్ఫైతో గెలవాల్సిన ఆట. మావాళ్లు ముందు రోజు ఎవరి పుట్టినరోజుకో తాగి, కళ్లు ఎర్రగా చేసుకుని వచ్చారు. బంతి కోసం ఒక్కడూ వంగలేదు. దీవి వాళ్లు నేల మీద దొర్లి మరీ బంతి లాక్కుంటుంటే మావాళ్లు నడుం మీద చేతులు పెట్టుకుని చూస్తూ నిలబడ్డారు. నాకు ఒళ్లు మండిపోయింది. ఇంటికొచ్చాక రెనాటోని కడిగేశాను. ఎలాగూ గెలిచాం కదమ్మా అన్నాడు.

రెండో ఆట ఓడిపోయారు. ఓడించినవాడు ఎలిసియో. ముప్ఫై అయిదేళ్లు ఉంటాయి, నా భుజం దాకా కూడా రాడు. సముద్రంలో మునిగి అడుగున పీతల్నీ చేపల్నీ పట్టుకొచ్చే మనిషి. ఊపిరి ఎక్కడ దాచుకుంటాడో గానీ నలభై నిమిషాలూ ఆగకుండా పరిగెత్తాడు. మావాళ్ల చంకల కిందినించి దూరిపోయి బంతి వేసేసేవాడు. ఆ రోజు నేను వాడికి చప్పట్లు కొట్టాను. పక్కవాళ్లు నావైపు గుర్రుగా చూశారు.

మూడో ఆట ఆదివారం మధ్యాహ్నం పెట్టారు. చర్చిలో పూజ ముగియగానే జనం తిన్నగా కోర్టుకే వచ్చారు. మావాళ్లు ఈసారి తాగలేదు, భయపడ్డారు. భయపడిన కాళ్లు కూడా తాగిన కాళ్లలాగే తడబడతాయని ఆ రోజు చూశాను. నాలుగో క్వార్టర్లో ఆరు నిమిషాలు మిగిలున్నాయి. దీవి వాళ్లవి యాభై ఎనిమిది, మావి యాభై మూడు. మా కోచ్ దాదో టైమౌట్ అడిగాడు. ఆయన బడిలో లెక్కలు చెప్పే మనిషి, గొంతు పెద్దది కాదు. ఆయన ఏదో చెప్పబోతుంటే కౌన్సిలర్ గారు మధ్యలో దూరి రెనాటో భుజం మీద చెయ్యి వేసి పక్కకు తీసుకొచ్చారు. పక్కకి అంటే నా పొయ్యి దగ్గరికే. పొగ చాటున నేను ఆయనకు కనబడలేదో, కనబడినా లెక్కలోకి రాలేదో.

"ఆ పొట్టోడు పడితే ఆట మనదే. మళ్లీ లేవకుండా చూడు. రేపు నీ కాగితం మీద సంతకం పెట్టేస్తాను" అన్నారు.

కాగితమంటే ఉద్యోగం. మునిసిపాలిటీలో ట్రాఫిక్ ఉద్యోగం ఇప్పిస్తానని రెండేళ్లుగా వాణ్ణి తిప్పుకుంటున్నారు. నా కొడుకు నవ్వేసి ఊరుకుంటాడనుకున్నాను. వాడు తల వంచుకుని నేల చూశాడు.

ఆట మళ్లీ మొదలైన అరనిమిషానికే ఆ పని జరిగిపోయింది. ఎలిసియో బంతితో లోపలికి దూరాడు. రెనాటో బంతి వైపు చూడనే లేదు. మోచెయ్యి తిప్పి వాడి మూతి మీద కొట్టాడు. టప్పుమన్న చప్పుడు నా దాకా వినిపించింది. ఎలిసియో వెల్లకిలా పడ్డాడు. రెఫరీ తియోఫిలో నాలుగడుగుల దూరంలో ఉన్నాడు. ఈల నోట్లోనే ఉంది. కప్పు రేకుల వైపు చూస్తూ నిలబడ్డాడు. మా జనం చప్పట్లు కొట్టారు. నాతో కలిసి పొద్దున ప్రార్థన చేసిన ఆడవాళ్లు కూడా కొట్టారు.

పట్టకారు పక్కన పెట్టి, ఏప్రన్‌తోనే కోర్టులోకి నడిచాను.

"అమ్మా, ఆట జరుగుతోంది. బయటికెళ్లు" అన్నాడు రెనాటో.

"నేను చూశాను. అంతకు ముందు విన్నాను కూడా."

వాడు గొంతు తగ్గించి, "ఉద్యోగం కోసమమ్మా" అన్నాడు.

"రేపు రోడ్డు మీద నిలబడి ఎవడి తప్పుకి ఈల ఊదుతావురా నువ్వు?"

వాడి చొక్కా పట్టుకుని లాగాను. అప్పుడు మోగింది తియోఫిలో ఈల.

"మిలా అక్కా, నువ్వు లోపలికి రాకూడదు. మీ జట్టు మీద టెక్నికల్ ఫౌల్ వేస్తున్నా" అన్నాడు.

"వెయ్యి. నీ ఈల పనిచేస్తుందని ఇప్పుడే తెలిసింది" అన్నాను.

దీవి వాళ్లకు రెండు ఫ్రీ త్రోలు ఇచ్చారు, రెండూ పడ్డాయి. మా జనం నన్ను తిట్టని తిట్టు లేదు. కౌన్సిలర్ గారు రెనాటోని లోపలికి పొమ్మని అరిచారు. వాడు తల అడ్డంగా ఊపి, తువ్వాలు తల మీద కప్పుకుని బెంచీ చివర కూర్చున్నాడు. నాకు భయపడి కూర్చున్నాడో, సిగ్గుపడి కూర్చున్నాడో నేను ఇప్పటిదాకా అడగలేదు.

దాదో వాడి బదులు నెస్టర్‌ని దింపాడు. నెస్టర్ బాడుగకి ట్రైసైకిల్ తోలుకునేవాడు, ఆ ఏడాది మొత్తం మీద మూడు నిమిషాలు కూడా ఆడలేదు. వాడు ప్రాణం పెట్టి ఆడాడు. వాణ్ణి చూసి మిగతావాళ్లూ వంగారు, దొర్లారు, పరిగెత్తారు. ఆ ఆటేదో మొదటి రోజే ఆడుంటే ఇదంతా జరిగేదే కాదు. ఎలిసియో నోట్లో గుడ్డ కుక్కుకుని మళ్లీ వచ్చాడు గానీ పరుగులో పస తగ్గింది. ఆఖరి క్షణాల్లో నెస్టర్ వేసిన బంతి పడింది. అరవై ఎనిమిది, అరవై ఏడు. మేమే గెలిచాం. అబద్ధమెందుకు, నేను కూడా ఎగిరాను. కిందికి దిగేలోపల ఎలిసియో తువ్వాల్లోకి ఉమ్ముతున్న రక్తం కనబడింది.

కౌన్సిలర్ గారు మైకు తీసుకున్నారు. ఎదుటివాళ్లను కంగారు పెట్టడానికి మిలా అక్క భలే నాటకం ఆడిందని, ఆవిడే మన ఆరో ఆటగాడని అన్నారు. జనం విరగబడి నవ్వారు. ఇందాక నన్ను తిట్టిన నోళ్లే. తిట్టినప్పుడు నాకు అంత కోపం రాలేదు. ఆ నవ్వుకి మాత్రం వచ్చింది.

తిన్నగా స్కోరు బల్ల దగ్గరికి వెళ్లాను. అక్కడ పోటీల కార్యదర్శి, రిటైరైన కాన్సెప్సియోన్ టీచర్ కూర్చుని ఉంది. "ఫౌలు రాయండి టీచర్. నాలుగో క్వార్టర్లో రెనాటో మోచేత్తో కొట్టాడు" అన్నాను.

"రెఫరీ ఈల వెయ్యందే రాయకూడదు మిలా. అభ్యంతరముంటే ఓడిన జట్టు గంటలోపు కాగితం ఇవ్వాలి."

ఓడిన జట్టు అప్పటికే పడవలెక్కేసింది. సముద్రం పోటు తగ్గిపోతే వాళ్లు ఇల్లు చేరలేరు.

"గెలిచినవాళ్లం ఇవ్వకూడదా?"

"గెలిచినవాళ్లు ఎందుకిస్తారు?"

"నేనిస్తున్నానుగా."

అలాంటి కాగితమేదీ తమ దగ్గర లేదందావిడ. ఆవిడ ముందున్న షీటులోకి తొంగి చూశాను. నా టెక్నికల్ ఫౌల్ ఎర్ర సిరాతో గుండ్రంగా రాసి ఉంది. నా కొడుకు పేరు ఎదురుగా ఏమీ లేదు.

మర్నాడు ఉదయం వాణ్ణి తీసుకుని పడవలో దీవికి వెళ్లాను. ఎలిసియో భార్య పెర్లా గుమ్మంలో నిలబడింది. కూర్చోమనలేదు, కాఫీ ఇవ్వలేదు. అది సబబే. రెనాటో తప్పయిందన్నాడు. ఆమె లోపలికి వెళ్లి పసుపుపచ్చ ప్లాస్టిక్ గొట్టం ఒకటి తెచ్చి వాడి చేతిలో పెట్టింది.

"పడవలో మిషను గాలి కొడుతుంది, మా ఆయన ఈ గొట్టం పళ్లతో కరిచి పట్టుకుని అడుక్కి దిగుతాడు. ముందు పళ్లు రెండు పోయాయి. ఇప్పుడు దేంతో కరవాలి?" అని అడిగింది.

నాకు ఆ సంగతి తెలియదు. అదే సముద్రం చేపలు ఇన్నేళ్లు తిని, అవి ఎలా వస్తాయో ఎన్నడూ అడగలేదు. రెనాటో ఆ గొట్టం కొస మీద పళ్ల గుర్తులను వేలితో తడిమాడు. తర్వాత, ఆయన మళ్లీ నీళ్లలోకి దిగేదాకా ఆయన బదులు పడవలో పని చేస్తానన్నాడు.

"నీకు దిగడం వచ్చా?" అంది పెర్లా.

"రాదు."

లోపల పడుకున్న ఎలిసియో వాచిన మూతితో, "తాడు లాగడం వస్తే చాల్లే" అన్నాడు.

రెనాటో అక్కడే ఉండిపోయాడు. ఫైనల్‌కి రాలేదు. మావాళ్లు ఇరవై రెండు పాయింట్ల తేడాతో ఓడారు. దానికి కారణం నేనేనని చెప్పుకున్నారు. కౌన్సిలర్ గారు ఉద్యోగం తన మేనల్లుడికి ఇచ్చారు. మరి ఫ్లెక్సీ ముందే ఎందుకు కట్టావు, ఎలిసియోని ఎందుకు కొట్టించావు అని ఆయన్ని ఒక్కరూ అడగలేదు.

మూడు వారాల తర్వాత వాడు ఇంటికొచ్చాడు. అరచేతుల నిండా తాడు కోతలు. ఎలిసియో ఇప్పుడు పక్క పళ్లతో గొట్టం పట్టుకుని లోతు తక్కువ చోట దిగుతున్నాడట. వచ్చే ఏడు తమ జట్టుకి ఆడతావా అని అడిగాడట. సరదాకి అడిగాడేమో తెలియదు. రెనాటో మాత్రం కాన్సెప్సియోన్ టీచర్ దగ్గరికి వెళ్లి అడిగొచ్చాడు.

"ఆరు నెలలు దీవిలో కాపురముంటేనే ఆడనిస్తారటమ్మా. రూలుందట" అన్నాడు.

దీనికి మాత్రం రూలు దొరికింది. ఆ రూల్స్ పుస్తకం ఆవిడ మొహాన కొట్టి రావాలనిపించింది. వాడు అన్నం తింటున్నాడు, అందుకని ఊరుకున్నాను.

"ఏం చేస్తావు?" అన్నాను.

"ఉంటాను."

వాడు తినడం అయ్యేలోపు వాడి బట్టలు సర్దాను.