శనివారం షార్ట్సు

ఆ సైకిలు షార్ట్సును మెషీన్లో వేయకూడదు. బ్రష్షు పెట్టకూడదు, మెలితిప్పి పిండకూడదు, లోపలి మెత్త చెదిరిపోతుంది. షాంపూ నీళ్లలో నానబెట్టి, అరచేత్తో నొక్కి, తిరగేసి నీడలో ఆరేయాలి. వానలు పట్టుకున్నాక ఈ దీవిలో, గరాచర్మలో ఏ బట్టా ఓ పట్టాన ఆరదు. శనివారం సైకిలు బృందంతో వెళ్లే వేళకు అది పొడిగా లేకపోతే విన్సెంటు ముఖం మాడ్చుకుంటాడు. అందుకని అతని భార్య బేబీరాణి దాన్ని ఫ్యాను కింద, పసిగుడ్డును తిప్పినట్టు అటూ ఇటూ తిప్పుతూ ఆరబెట్టేది.

ఆ శనివారమూ అతను రాగానే దాన్ని బకెట్లో నానవేసి, టీ పట్టుకుని హాల్లోకి వచ్చింది. విన్సెంటూ, సైకిలు బృందంలో అతనితో తిరిగొచ్చిన పైడిబాబూ వాదించుకుంటున్నారు.

"సీటు గద్దీ మెత్తగా ఉంటే చాలు భయ్యా. నిక్కరులో పరుపెందుకు, బేకార్!" అన్నాడు పైడిబాబు.

"అరే యార్, మెత్తటి సీటు కాసేపే సుఖం. తర్వాత ఒళ్లు దిగబడి సరిగ్గా మధ్యలో నొక్కుద్ది. షార్ట్సులో మెత్తయితే మనతోపాటే కదుల్తాది."

ఎక్కడ నొక్కుద్దో, ఎక్కడ ఒరుసుకుంటుందో ఇద్దరూ చేతులు తిప్పుతూ చెప్పుకున్నారు. విన్సెంటు నొప్పి ఇంటిల్లిపాదికీ తెలుసు. దానికి గోరువెచ్చని నీళ్ల టబ్బుంది, పూతమందుంది. బేబీరాణి నొప్పికి మాటే లేదు. ఆమె రోజూ డైరీ ఫార్మ్ అనే పేటలో తను పాఠం చెప్పే నర్సరీ బడికి, పాత లేడీస్ సైకిలు మీద, మడతపెట్టిన తువ్వాలు సీటుకు కట్టుకుని వెళ్తుంది. చడావు రాగానే ఎత్తు తొక్కలేక దిగి నడుస్తుంది. సీటుకు మెత్తటి కవరు కొనమంటే, "నీదెంత దూరమని?" అన్నాడు విన్సెంటు. బాబు పుట్టినప్పుడు పడిన కుట్లు ఇంకా లాగుతున్నాయంటే అత్తగారు, "కుట్లు పడని ఆడదెవరే?" అంది. స్కూటీ ఇద్దరికీ అని కొన్నదే. ఆఫీసుకు ఆలస్యమవుతుందంటూ అది విన్సెంటుదైపోయింది. సైకిలంటే ప్రాణమిచ్చే మనిషి ఒక్కనాడూ ఆఫీసుకు సైకిలు మీద వెళ్లలేదు.

"దీదీ, రోజూ తొక్కేది మీరే. మీరు చెప్పండి, షార్ట్సా, సీటా?" పైడిబాబు నవ్వుతూ అడిగాడు.

"దానిదేముంది! బజారుకెళ్లే పాటి తొక్కుడు," అన్నాడు విన్సెంటు.

బేబీరాణి ట్రే కింద పెట్టింది. "కాన్పు కుట్ల మీద కూర్చుని పదకొండేళ్లుగా తొక్కుతున్నా భయ్యా. మెత్త సంగతి నాకెలా తెలుస్తాది?"

పైడిబాబు నవ్వు ఆగిపోయింది. టీ సగంలో వదిలేసి, చెప్పుల్లో కాళ్లు దూర్చి వెళ్లిపోయాడు. గేటు చప్పుడు వినబడిందో లేదో, విన్సెంటు లేచాడు.

"సిగ్గుందా? పరాయి మగాడి ముందు ఆ చోటు మాట ఎత్తుతావా?"

"ఇంతసేపూ మీరిద్దరూ మాట్లాడింది ఏ చోటు గురించండీ?"

బేబీరాణి మేకుకు వేలాడుతున్న స్కూటీ తాళం తీసి తన బడి సంచిలో వేసుకుంది.

"సోమవారం నుంచి స్కూటీ నేను తీసుకెళ్తా. మీరు సైకిలు మీద వెళ్లండి. షార్ట్సు ఉందిగా. బకెట్లో నానుతోంది. మెలితిప్పకుండా పిండుకోండి."