బెదురుగొడ్డు

"ఇంతసేపు అక్కడేం చేస్తున్నావమ్మా, గుడ్డి గుర్రానికి పళ్ళు తోముతున్నావా?"

వంటింటి కిటికీలోంచి అత్తగారి గొంతు. మిగతా ఇళ్ళలో అయితే ఇది పని లేక పొద్దుపుచ్చేవాళ్ళని దెప్పే మాట. ఈ ఇంట్లో నిజంగానే గుర్రాలున్నాయి, వాటి పళ్ళూ డెక్కలూ పేడా అన్నీ కోడలి వంతే. అందుకని ఆ దెప్పు తగలాల్సిన దానికన్నా కాస్త ఎక్కువే తగులుతుంది. ఆమె అప్పటికే శాల కడిగింది, తొట్లు నింపింది, అందరికీ టిఫిను చేసి మూత పెట్టింది. ఇప్పుడు పిల్ల గుర్రం కాలు తన ఒళ్ళో పెట్టుకుని డెక్కలో ఇరుక్కున్న రాయి తీస్తోంది.

"టీ ఫ్లాస్కులో పోసి పెట్టాను అత్తయ్యా!"

"ఆ, ఫ్లాస్కు టీ తాగే రాత పట్టింది నాకు."

ఆమె రాయి ఊడదీసి పక్కన పడేసింది. ఇవాళ జవాబులకి ఓపిక లేదు. ఆదివారం వచ్చేసింది. ఈ మధ్యాహ్నంలోగా ఈ పిల్ల గుర్రం వాగు దాటాలి. దాటకపోతే ఇటుకల బట్టీవాడు దీన్ని తాడు కట్టి తోలుకుపోతాడు.

ఆమె భర్తని ఊరంతా గుర్రం మాస్టారంటారు. గేటు మీద బోర్డు ఆయనది, వచ్చేవాళ్ళ దండాలు ఆయనవి. ఒట్టి మొండిఘటాలుగా వచ్చిన పిల్ల గుర్రాల ఒళ్ళు మొదట నిమిరేది మాత్రం ఆమె. వీపు మీద దుప్పటి వేసి తియ్యడం, తీసి వెయ్యడం, ప్లాస్టిక్ సంచి చప్పుడుకీ మోటారు సైకిలు మోతకీ అలవాటు చెయ్యడం, తాడు పట్టుకుని మైదానం చుట్టూ చెప్పులరిగేలా తిప్పడం, ఇదంతా నెలల పని. అది అయ్యాక, ఎవరైనా చూడ్డానికి వచ్చిన రోజున, ఆయన పాలిష్ చేసిన బూట్లేసుకుని వచ్చి ఎక్కుతాడు. ఆ పాలిష్ కూడా ఆమెదే. "పులిలా ఉండేదండీ, పిల్లిని చేశాను" అంటాడు. ఒకసారి ఎవరో పెద్దావిడ ఆమెని చూపించి "మరి ఈ అమ్మాయి?" అనడిగితే, "మా ఆవిడండీ, మేత వేస్తుంది" అన్నాడు. సొమ్మొకడిది సోకొకడిది అని ఊరికే అన్నారా? అయితే ఆ రోజు ఆమెకి కోపం రాలేదు. మేత వేసే మాట నిజమే కదా అనుకుంది. అదే ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది.

ఈ పిల్ల గుర్రం ఆమె దగ్గర బాగానే ఉండేది. కిందటి వారం మాస్టారికి తొందరొచ్చింది. తానే ఎక్కి వాగు దగ్గరికి తోలాడు. నీళ్ళు చూసి అది ఆగితే కొరడా తీశాడు, కళ్ళెం లాగాడు, అది రాళ్ళ మీద మోకాళ్ళు కొట్టుకుని పడింది. అప్పట్నుంచి వాన నీళ్ళ గుంట కూడా దాటదు. "ఉత్త బెదురుగొడ్డు. దీన్ని బట్టీకి ఇచ్చేస్తా" అన్నాడు ఆ పూట భోజనాల దగ్గర. బట్టీలో ఇటుకల బండి లాగడానికి పోయిన గుర్రం మళ్ళీ కనబడ్డ దాఖలా లేదు.

"ఆదివారానికి నేను దాటిస్తాను" అంది ఆమె, వడ్డిస్తూ వడ్డిస్తూనే.

ఆయన నవ్వాడు. "నువ్వా? పగ్గం వదిలేసి పడి చెయ్యి విరగ్గొట్టుకున్నావు, అప్పుడే మర్చిపోయావా?"

"ఎందుకమ్మా లేనిపోని పౌరుషాలు?" అంది అత్తగారు. "మళ్ళీ చెయ్యి విరిగితే వంటెవరు చేస్తారు?"

పాపం, ఆవిడ బాధ ఆవిడది. చివరికి మాస్టారు "సరే, దాటితే ఉంచుతా. దాటకపోతే మళ్ళీ నోరెత్తకు" అన్నాడు. పడిన తర్వాత ఆమెని జీను ఎక్కనివ్వలేదు ఆయన, నీ మంచికే అన్నాడు. ఆయన ఊళ్ళో లేని మధ్యాహ్నాలు అత్తగారు కునుకు తీసే వేళ ఆమె ఎక్కి తిరుగుతోందని తెలిసింది ఈ పిల్ల గుర్రానికే. అది ఎవరికి చెప్తుంది?

ఆదివారం ఆదివారం ఈ శాల గుర్రాల మీద ఆమెతో కాలిబాట పట్టే స్నేహితురాళ్ళిద్దరూ వచ్చారు. ఒకామె టైలరు, అందరికీ టైలరక్క. రెండో ఆవిడ పళ్ళ డాక్టరు. సంగతి విని టైలరక్క ముసలి తెల్ల గుర్రం మీద ముందు నడిచింది, డాక్టరమ్మ గోధుమరంగు దాని మీద వెనక. మధ్యలో పిల్ల గుర్రం, దాని మీద ఆమె. అనుభవమున్న గుర్రాల మధ్య పెడితే పిల్ల గుర్రానికి ధైర్యం వస్తుంది, ఇది ఎప్పట్నుంచో ఉన్న పద్ధతే. అయితే ఎప్పుడూ ఇంకోదాని తోక చూసి నడిచిన గుర్రానికి ఆ తోక కనబడకపోతే కాళ్ళాడవు. అందుకని దారి వెడల్పైన చోట టైలరక్కని పక్కకి తప్పుకోమంది.

"ఇప్పుడే ముందుకా?" అంది టైలరక్క. "కుట్టు మొదలెట్టి అప్పుడే కత్తెరా?"

"కాసేపే అక్కా. మళ్ళీ నువ్వే."

పిల్ల గుర్రం ముందుకొచ్చి ఆగింది. చెవులు అటూ ఇటూ తిప్పింది. పొద మీద చిక్కుకున్న సంచీ ఒకటి గాలికి టపటపలాడితే వణికింది. ఆమె తొందర పెట్టలేదు, "చూసుకో తల్లీ, బాగా చూసుకో" అని మెడ నిమురుతూ కూర్చుంది. అది చూసింది, బుస్సుమంది, ఇంత దూరంగా వంకర తిరిగి దాటేసి, ఆ తర్వాత తనే ఏదో ఘనకార్యం చేసినట్టు తల ఎగరేసుకుంటూ నడిచింది. డాక్టరమ్మ పకపకా నవ్వింది. ఆమెకి ఎంత సంతోషమైందంటే కళ్ళలో నీళ్ళొచ్చాయి. ఎన్నాళ్ళయిందో తన ముందు ఎవరి వీపూ లేని దారి చూసి.

వాగు దగ్గరికి వచ్చేసరికి ఆ సంతోషం కాస్తా ఇంకిపోయింది. మాస్టారు రోడ్డు మీంచి మోటారు సైకిలేసుకుని ముందే వచ్చి అవతలి ఒడ్డున నిలబడ్డాడు. చేతిలో కొరడా. పక్కనే బట్టీ యజమాని, చంకలో తాడు చుట్ట.

టైలరక్క తెల్ల గుర్రాన్ని నీళ్ళలోకి దించి నడిమధ్య ఆపింది. నీళ్ళు మోకాళ్ళ దాకా కూడా లేవు. పిల్ల గుర్రం ఒడ్డున కొయ్యబారిపోయింది.

"మడమ వెయ్యి!" అని అరిచాడు మాస్టారు. "మొద్దులా కూర్చుంటావేం?"

ఆమె గుర్రం డొక్కలో మడమ వేసింది. గుర్రం గిర్రున వెనక్కి తిరిగింది. మళ్ళీ వాగు వైపు తిప్పి మళ్ళీ వేసింది. ఈసారి పక్కకి గెంతింది. బట్టీ యజమాని తాడు చుట్ట విప్పడం ఆమెకి కనబడుతూనే ఉంది.

"ఓసారి నీ చేతులు చూసుకో" అంది డాక్టరమ్మ మెల్లిగా.

చూసుకుంది. పగ్గాలు ఎంత బిగించి పట్టుకుందంటే వేళ్ళ కణుపులు తెల్లబడ్డాయి. మడమలతో పొమ్మంటోంది, చేతులతో వెనక్కి లాగుతోంది. పాపం ఆ నోరులేనిది ఏ మాట వినాలి? ఈ పని తనకెవరు నేర్పారు? నీ ఇష్టం అంటూనే గడప దాటనివ్వకపోవడం, నేర్చుకో అంటూనే నీకు రాదనడం, ఇన్నేళ్ళూ ఆ మడమా ఆ కళ్ళెం రెండూ భరించి, తీరా తన చేతికి పగ్గాలొచ్చేసరికి తనూ అదే చేస్తోంది! ఆమెకి సిగ్గేసింది. గుండెల నిండా ఊపిరి తీసుకుని పగ్గాలు వదులు చేసింది.

"అంతే" అంది డాక్టరమ్మ. "నా దగ్గరికొచ్చేవాళ్ళూ అంతే. నోరు తెరువు తెరువు అంటే తెరవరు. కుర్చీ కాస్త దూరం జరుపుకుంటే వాళ్ళే తెరుస్తారు."

పిల్ల గుర్రం తల దించింది. నీళ్ళు వాసన చూసింది, ముక్కుకి తడి తగిలి ఉలిక్కిపడి వెనక్కి తగ్గింది. మళ్ళీ వచ్చింది. ముందు కాలు ఒకటి నీళ్ళలో పెట్టింది. ఆమె ఊపిరి బిగబట్టి, అది తప్పని గుర్తొచ్చి వదిలేసింది. రెండో కాలు లేస్తోంది.

"ఇలా అయితే తెల్లారినట్టే!" అంటూ మాస్టారు కొరడా ఎత్తి, కళ్ళెం అందుకోడానికి నీళ్ళలోకి దిగాడు.

ఆమె కింద గుర్రం వీపు రాయిలా బిగుసుకుంది. అదే బిగువు. ఇదివరకు ఒకసారి సరిగ్గా ఇలాగే బిగుసుకున్న వీపు మీద ఆమె కూర్చుంది. ఆ రోజు కూడా ఎవరో చూడ్డానికి వచ్చారు. గుర్రం నెమ్మదిగా నడుస్తోందని ఆయనకి నామోషీ అయింది. వెనక నుంచి కొరడా చప్పుడు. అది గాల్లోకి లేచింది. ఆమె పడింది, చెయ్యి విరిగింది. ఆస్పత్రి మంచం దగ్గరే ఆయన మొదలుపెట్టాడు పగ్గం వదిలేసింది అని. అందరూ అన్నారు, చివరికి ఆమె కూడా అనేసింది, నేనే వదిలేశానండీ అని.

"అక్కడే ఆగండి" అంది.

"ఏంటీ?"

"ఆగమన్నాను. ఇది బెదురుతోంది నీళ్ళకి కాదు, మీ కొరడాకి. ఆ రోజు నేనెక్కిన గుర్రం కూడా అందుకే ఎగిరింది. నేను పగ్గం వదల్లేదు. మీరు వెనక నిలబడి కొరడా ఝళిపించారు."

ఆమె అరవలేదు. ఇంట్లో కూర అడుగంటిందని చెప్పే గొంతుతోనే చెప్పింది. అయినా అందరికీ వినబడింది. బట్టీ యజమాని తన తాడు వైపు చూసుకున్నాడు.

"ఇప్పుడా సోదంతా ఎందుకే, నలుగురిలో..."

"నలుగురిలోనే కదా పడ్డాను. మీరు ఒడ్డుకి వెళ్ళండి."

ఆయన చూశాడు, ఎవరైనా నవ్వుతారేమోనని. ఎవరూ నవ్వలేదు. అదే ఎక్కువ బాధించిందేమో, బూట్లలో నీళ్ళు చప్పుడవుతుంటే వెనక్కి నడిచాడు. పిల్ల గుర్రం ఆయన వెళ్ళేదాకా చూసింది. తర్వాత రెండో కాలు పెట్టింది, మూడోది పెట్టింది, తెల్ల గుర్రాన్ని దాటుకుని, నీళ్ళు ఎగజిమ్ముతూ, ఎవరి తోకా లేకుండా అవతలి ఒడ్డెక్కేసింది. వెనక టైలరక్క వేసిన కేకకి కొమ్మల మీద పిట్టలు లేచిపోయాయి. ఆమె గుర్రం మెడ మీద వాలి ఏడ్చింది. సిగ్గుపడకుండా ఏడ్చింది.

తల ఎత్తేసరికి మాస్టారు బట్టీ యజమానితో అంటున్నాడు: "చూశావా? మొన్న నేను రెండు తగిలించాను గనకే ఇవాళ దారికొచ్చింది. నా చెయ్యి పడితే అంతే. దీన్ని నీకివ్వనులే." తర్వాత ఆమె వైపు తిరిగి, ఏమీ జరగనట్టు పగ్గాల కోసం చెయ్యి చాపాడు. "దిగు. అలిసిపోయుంటావు. దీన్ని నేనెక్కి తీసుకొస్తా, బండి ఇతను నడుపుతాడు, నువ్వు వెనక కూర్చో."

ఎప్పుడూ అయితే దిగేదే. జీనుకి వేలాడే రికాబులోంచి ఒక కాలు ఊడి వచ్చింది కూడా. కింద పిల్ల గుర్రం ఇంకా రొప్పుతోంది, చెవులు ఆయన చేతి వైపే పెట్టి. ఆమె కాలు మళ్ళీ రికాబులో పెట్టుకుంది.

"నా చెయ్యి పడిన గుర్రాన్ని ఇకమీదట మీరు ఎక్కరు" అంది.

ఆయన పెద్దగా నవ్వాడు. "ఓస్, అంతేనా? ఈ బెదురుగొడ్డుని నువ్వే ఉంచుకో తల్లీ!"

ఆయన నవ్వుతూనే టైలరక్క కింది తెల్ల గుర్రాన్ని చూశాడు. డాక్టరమ్మ కింది గోధుమరంగు గుర్రాన్ని చూశాడు. తర్వాత, శాలలో కట్టేసి ఉన్నవాటిలో ఆమె చెయ్యి పడనిది ఒక్కటైనా ఉందా అని మనసులో వెతుక్కుంటున్నవాడిలా, నవ్వు ఆపేశాడు.