వాగు లేని పటం

కిన్ మిషన్ ఆపలేదు. తెల్లరాయి ఇంకా పదడుగుల దూరంలో ఉంది. తిరిగే నైలాన్ తీగ కోసిన పచ్చిగడ్డి తునకలు అతని మోకాళ్ళకు వచ్చి అతుక్కుంటున్నాయి. పట్టీ ఒరుసుకుని ఎడమ భుజం పొద్దుటినుంచీ లాగుతోంది. రాయి చుట్టూ ఒక్క చుట్టు తిప్పి, అప్పుడు స్విచ్ నొక్కాడు.

అక్కడితో ఫాదోన్ ఊరు అయిపోయింది. అవతల నడుముదాకా పెరిగింది లాసోగ్ గడ్డి. గువాం దీవిలో పందొమ్మిది ఊళ్ళు, పందొమ్మిదిమంది మేయర్లు. ఎవరి గడ్డి వాళ్ళు కోసుకోవాలి.

"మామా, నీ గుమ్మం ముందు చూశావా? పాములు కాపురం పెట్టేట్టున్నాయి," అన్నాడు లారీలోంచి డ్రైవరు ఇనాస్.

"లాసోగ్ వాళ్ళు కోస్తారులే."

"కోస్తారు, కోస్తారు. పండక్కి. ఏ సంవత్సరం పండక్కో నన్నడక్కు."

కిన్ నవ్వలేదు. రాయి దాటి, చిన్న కల్వర్టు దాటితే నలభై గజాల్లో అతని ఇల్లు. నిరుడు దాకా అది ఫాదోన్‌లోనే ఉండేది. ఇల్లు కదల్లేదు, వాగు కదిలింది. ఇంటి వెనక పారేది, నిరుటి పెద్ద తుఫానుకు దారి మార్చుకుని ఇంటి ముందుకొచ్చింది. పాత కాగితాల్లో వాగే హద్దని రాసి ఉంది గనక ఇల్లు లాసోగ్‌దని సర్వే వాళ్ళు తేల్చారు. ఇంటికి అవతల ఉన్న హద్దురాయిని పెకలించి, ఇవతలికి దొర్లించుకొచ్చి, పాతి, సున్నం కొట్టింది కిన్నే. మేయర్ ఆఫీసు కూలీ అతనే కదా.

ముప్పై ఒక్క ఏళ్ళ పని అది. గడ్డి కోయడం, బస్సు షెడ్డుకు రంగు వేయడం, ఎవరైనా పోతే వాకిట్లో షామియానా వేయడం. పోయినవాళ్ళ కోసం తొమ్మిది రోజులు సాయంత్రం జపమాల చెబుతారు. ఫాదోన్‌లో ఒక అలవాటుంది. షామియానా వేసినవాళ్ళు మొదటిరోజు జపానికి కూర్చుని, అన్నం తిని గాని వెళ్ళరు. ఊళ్ళో అందరి చావులకూ కిన్ అలా కూర్చున్నాడు.

ఆ ఉదయం కూడా చర్చి వెనక ఒక ఇంట్లో గుంజలు నిలబెట్టాడు. ఆ ఇంటి ముసలమ్మ ఎర్రన్నం పొట్లం కట్టి చేతిలో పెట్టింది.

"సాయంత్రం జపానికి రా నాయనా. మీ ఆవిడ తికా ఎలా ఉంది?"

"ఉంది."

పదకొండుకు ఆఫీసుకు వెళ్ళాడు. గుమాస్తా లూర్దెస్ కంప్యూటర్ ముందు కూర్చుని ఎండుచేప నములుతోంది. కిన్ షామియానా దరఖాస్తు ఒకటి తీసుకుని బల్ల చివర కూర్చున్నాడు. ఆ కాగితం అడుగున ఇంటికి దారి గీయడానికి ఒక చదరం ఉంటుంది. వీధి పేర్ల బోర్డులు గాలికి పోయాయి, ఎవరి ఇల్లయినా గీసి చూపించాల్సిందే. ఊళ్ళో చాలామంది కాగితాలు కిన్ చేతికే వస్తాయి. ఇవాళ తనది గీసుకున్నాడు.

లూర్దెస్ కాగితం అందుకుని చాలాసేపు చూసింది.

"అన్నా, వాగేదీ?"

"ఎండిపోయింది."

"ఇంత వానల్లోనా?"

అతను పెన్సిల్ చెవి వెనక పెట్టుకున్నాడు.

"పోయినవారి పేరు కూడా రాయలేదు నువ్వు."

"ఇంకా ఉంది కదా. డాక్టర్ ఈ నెల దాటదన్నాడు."

లూర్దెస్ చేప పక్కన పెట్టింది. "లాసోగ్ వాళ్ళూ ఇస్తారు కదన్నా, షామియానా."

"ఇస్తారు. దించేసి పోతారు. వాళ్ళమ్మకు వేసిన నీలందే కావాలంది తికా. మనవాళ్ళే వచ్చి కూర్చోవాలంది."

"హద్దు దాటి ఒక్క కుర్చీ కూడా పోకూడదన్నాడు మేయర్. తెలుసు కదా నీకు."

"తెలుసు. రాయి పాతింది నేనే."

ఆమె ముద్ర కొట్టలేదు. కాగితం తిరిగీ ఇవ్వలేదు. సొరుగులో పెట్టింది. "సోమవారం మేయర్ వస్తాడు. నేను కూడా చెబుతాలే."

మధ్యాహ్నం కిన్ ఎర్రన్నాన్ని గరిటెతో మెత్తగా మెదిపి తికాకు తినిపించాడు. ఆమె నాలుగు ముద్దలు తిని, చాలని మొహం తిప్పుకుంది.

"అడిగావా?"

"ఇచ్చాను కాగితం."

"ఏమంటారు?"

"సోమవారం చెబుతారట."

"అయితే సోమవారం దాకా ఆగాలన్నమాట నేను." నవ్వబోయి దగ్గింది. అతను వీపు నిమిరి, నీళ్ళు తాగించి, దిండు సర్ది, మళ్ళీ పనికి వెళ్ళాడు.

రోడ్డు రెండో పక్క గడ్డి మిగిలి ఉంది. మూడింటికి ఇనాస్ పెట్రోలు కోసం బంకుకు వెళ్ళి వచ్చేసరికి కిన్ తెల్లరాయికి ఆనుకుని కూర్చున్నాడు. టోపీ మొహం మీద ఉంది. మిషన్ పక్కనే ఆపి ఉంది. గడ్డి రాయిదాకా కోసి ఉంది.

"మామా, మేయర్ వస్తున్నాడు, లే!" అన్నాడు ఇనాస్. రోజూ అనేదే.

కిన్ లేవలేదు.

అది శుక్రవారం. లూర్దెస్ సొరుగులోంచి కాగితం తీసింది. పోయినవారి పేరు ఖాళీగా ఉన్నచోట కిన్ పూర్తిపేరు, హోవాకిన్ మెస్ఙోన్ అని రాసింది. తేదీ వేసింది. ముద్ర కొట్టింది. సోమవారం మేయర్‌కు ఏం చెప్పాలో ఆలోచించలేదు.

మర్నాడు ఇనాస్ లారీని రాయి దాటించాడు, కల్వర్టు దాటించాడు. ఫాదోన్ మనుషులు నడుముదాకా ఉన్న గడ్డిలో దిగి నీలం షామియానా నిలబెట్టారు. అరవై కుర్చీలు వేశారు. సాయంత్రం ఆరింటికి జపం మొదలైంది. వేసినవాళ్ళందరూ కూర్చున్నారు, చర్చి వెనక ఇంటివాళ్ళు కూడా తమ జపం ముగించుకుని వచ్చారు. తికాను మంచంతో సహా గుమ్మంలోకి తెచ్చారు.

"ఆ మూల తాడు వదులుగా ఉంది," అంది తికా.

ఇనాస్ లేచి వెళ్ళి బిగించి, వచ్చి కూర్చున్నాడు.

ఏ ఇంటిదో తెలియడానికి దరఖాస్తు కాగితాన్ని గుంజకు టేపుతో అంటించడం ఆనవాయితీ. ముందు గుంజకు అది గాలికి చిన్నగా కొట్టుకుంటోంది. చర్చి, సీమపనస చెట్టు, బస్సు షెడ్డు, ఇల్లు, వాటిని కలుపుతూ ఎక్కడా తెగని ఒక పెన్సిల్ గీత.