ఫొటో అంచున ఏలియా

సలోమి ఫొటోని కత్తిరించిన నిమిషం నుంచి ఆమె భర్త ఏలియాకు ఎడంచెయ్యి లేదు. నొప్పి లేదు, నెత్తురు లేదు. చొక్కా చెయ్యి ఖాళీగా వేలాడుతోంది. ఆయన కుడిచేత్తో టీ గ్లాసు అందుకుని, "పంచదార తక్కువేశావే," అంటాడు.

ఆ ఫొటో ఊరికే రాలేదు. ఇద్దరూ గుంటూరు నుంచి ఆరుసార్లు నల్లమలకి వెళ్ళి, ఆరుసార్లూ నెమళ్ళనీ దుప్పుల్నీ చూసి, అదే పదివేలనుకుని తిరిగొచ్చారు. ఏడోసారి సఫారీ జీపులో ఏలియా చెయ్యి చాచి, "అదుగోనే, వెదురుపొద పక్కన," అన్నాడు. సలోమి ఫోనెత్తి నొక్కింది. పులి పడింది. అంచున ఏలియా కూడా పడ్డాడు, చూపుడువేలు పులివైపు చాచి.

పులి ఫొటోలు పంచుకునే 'పులిజాడ' గ్రూపులో ఒకటే నియమం: ఫొటోలో మనిషి కనపడకూడదు. జీపు అద్దం కనపడినా అడ్మిన్ తారకం గారు ఊరుకోరు. ఏడేళ్ళుగా ఊళ్ళోవాళ్ళ పులులన్నిటికీ చప్పట్లు కొట్టిన మనిషికి సొంత పులి దొరికితే ఆగుతుందా? ఎడం భుజం దాకా కోసేసి, మిగతాది నీడలో కలిసిపోయిందిలే అనుకుని పెట్టేసింది. ఏ మాటకామాటే, పులి మాత్రం బ్రహ్మాండంగా వచ్చింది.

పదింటికల్లా మెచ్చుకోళ్ళు వచ్చిపడతాయి. విజయవాడ నుంచి ఒకాయన, "ఇంకా చెవి కనపడుతోందండీ," అని రాసి, తనే కత్తిరించి మళ్ళీ పెడతాడు. ఏలియాకు చెవి ఉండదు. నంద్యాల డాక్టరమ్మ ఇంకాస్త కోస్తుంది. ఏలియాకు సగం మొహమే మిగులుతుంది.

"పులికి అడ్డమొచ్చానంట, నన్నేం చెయ్యమంటావ్?" అని ఆ సగం నోటితోనే నవ్వుతాడు.

సలోమికి నవ్వు రాదు. తారకం గారికి ఫోన్ చేస్తుంది.

"ఆ ఫొటో తీయించెయ్యండి. మా ఆయన అయిపోతున్నాడు."

"రెండువేల మంది దాచుకున్నారమ్మా. ఎవర్నని తీయమనేది? అసలు ఫొటో మీ దగ్గరుందిగా, అది పెట్టండి."

అసలు ఫొటో లేదు. కత్తిరించినదాన్ని దానిమీదే సేవ్ చేసేసింది. ఆ సంగతి చెప్పడానికి ఆమెకు సిగ్గుగా ఉంది, అయినా చెబుతుంది.

"కంగారెందుకు?" అంటారాయన నింపాదిగా. "అడవిలో తీసింది అడవిలోనే ఉంటుంది. ముక్కలు ఎక్కడికి పోతాయి?"

మధ్యాహ్నానికి కుర్చీలో ఏలియా కుడిచెయ్యి ఒక్కటే ఉంది. అది గ్లాసువైపు చూపిస్తే సలోమి టీ పోస్తుంది. ఈసారి పంచదార రెండు చెంచాలు వేస్తుంది. తాగేవాళ్ళు లేరు. ఆ చేతిని ఒళ్ళో పెట్టుకుని, గట్టిగా పట్టుకుని కూర్చుంటుంది. మూడింటికి తారకం గారు, "వేలు తీసేశాను, ఇప్పుడు కడిగిన ముత్యంలా ఉంది," అని పెడతారు. సలోమి ఒళ్ళో ఏమీ లేదు.

సాయంత్రం గ్రూపులో కొత్త ఫొటో వస్తుంది. అదే వెదురుపొద. నీటిగుంట దగ్గర పులి పడుకుని ఉంది, దాని పక్కనే గొంతుక్కూర్చుని ఏలియా, రెండు చేతులతో, రెండు చెవులతో. మనిషి ఉన్నాడని ఎవరూ అనరు. "ఎన్నాళ్ళకి కనపడిందండీ ఇది," అని రాస్తారు. "జత భలే కుదిరింది," అంటుంది డాక్టరమ్మ.

ఫొటో అంచున పచ్చనైటీ వేసుకున్న ఒకావిడ, చేతిలో ఫోనుతో. సలోమి తన పచ్చనైటీ చూసుకుంటుంది. ఆయనకి అంత దగ్గర్లోనే ఉన్నానని ప్రాణం లేచొస్తుంది.

"అంచున ఎవరో ఆవిడ ఉన్నారండీ," అని రాస్తాడు విజయవాడాయన.

"ఒక్క నిమిషం," అంటారు తారకం గారు.

ఉండనివ్వండి అని రాద్దామంటే సలోమికి చేతులు లేవు. ఫోను నేలమీద పడి ఉంది. ఒంగి ఫొటోలోకి, "ఏవండీ," అని గొంతు చించుకుని అరుస్తుంది.

నీటిగుంట దగ్గర దుప్పులు బెదిరి తలలెత్తుతాయి. పులీ ఏలియా ఒకేసారి చెవులు రిక్కిస్తారు. అది ఏ జంతువు అరుపో ఆయన కాసేపు ఆలోచిస్తాడు. అప్పుడు పులికి చూపించడానికి చెయ్యి చాస్తాడు, సలోమి లేని వైపుకి.