కాగితం మీద లేని కొసరు

ఆ పొద్దున ఆకాశం తడిసిన గోనెసంచిలా ఇక్సోపో కొండల మీద పడి ఉంది. వాన కాదు, పొగమంచూ కాదు. లారీ అద్దం తుడిచేకొద్దీ తడుస్తూనే ఉంది. యెల్లప్పకు ఆ తడి ఇష్టమే, క్యాబేజీ వాడదు. ఎండ కాసిన రోజు గేటు దగ్గర ఆగినంతసేపూ ఆకు మెత్తబడుతుంది. పై రేకులు వలిచి పారెయ్యాలి.

రైస్‌థార్ప్ వెనక వాగు పక్కన అతనిది కౌలు చేను. పీటర్‌మారిట్జ్‌బర్గ్ మార్కెట్లో పెద్ద రైతుల సరుకు దిగాక అతని క్యాబేజీని అడిగే నాథుడు ఉండడు. అందుకని ఏళ్ళ తరబడి ఉమ్‌జిమ్‌కులు నది దాటి అవతలి ఊళ్ళో అమ్ముకొస్తున్నాడు. నది మీద ఒక వంతెన. అటూ ఇటూ ఒకటే మట్టి, ఒకటే గడ్డి, ఒకే పోలిక ఆవులు. కాగితాల్లో మాత్రం అవతలిది వేరే దేశం, ట్రాన్స్‌కై. నల్లవాళ్ళకు విడిగా దేశాలిచ్చామంటూ ప్రిటోరియాలోని తెల్లవాళ్ళ ప్రభుత్వం గీసిన గీత ఆ నది మీదుగా పోయింది. అందువల్ల వంతెనకు ఇటొక గేటు, అటొక గేటు. పర్మిట్టు, స్టాంపు, పశువుల జబ్బు పాకకుండా మందునీళ్ళ తొట్టిలో చక్రాలు తడపడం, అవతలి వాళ్ళ టీ అయ్యేదాకా ఆగడం. ఈ ఖర్చంతా తిండి మీద పడి అవతల అన్నీ ప్రియమైపోతున్నాయని, కరువొచ్చిన ఏడు ప్రభుత్వం లారీ బాడుగలో సగం తానే ఇస్తానంది. షరతు ఒక్కటే. రెండు గేట్ల కాగితాల్లోనూ సరుకు సరిగ్గా ఒకటే ఉండాలి. ఆ సగం వస్తేనే యెల్లప్ప లారీ కదులుతుంది. రాకపోతే ఆ కొండలు ఎక్కడానికి తాగే డీజిల్‌కే పంట చాలదు.

బస్తాల మీద, టార్పాలిన్ కింద, విడిగా ఒక కుప్ప ఉండేది. అది కొసరు. అవతలి ఊరి బస్సుల స్టాండు దగ్గర కూరగాయలమ్మే మాడ్లమిని అతని సరుకంతా కొనుక్కునేది. డ్లమిని వాళ్ళ ఆడపడుచు కనుక ఊరంతా ఆమెను అలాగే పిలుస్తారు. బస్తాలకు ధర ఉంది, కుప్పకు లేదు.

యెల్లప్ప తల్లి టోంగాట్‌లో చక్కెర మిల్లు కూలీల ఇళ్ళ వెంట గంపతో వంకాయలమ్మిన మనిషి. తూచి ఇచ్చాక ఇంకో గుప్పెడు వేసేది. వేసేటప్పుడు మాత్రం చేతి వైపు చూసేది కాదు, మిల్లు పొగగొట్టం వైపు చూసేది. చూసి వేస్తే లెక్కయిపోతుందట. యెల్లప్పా అంతే. కుప్ప దింపేటప్పుడు నది వైపు తిరిగి సిగరెట్టు ముట్టించేవాడు.

ఇవతలి గేటులో జార్జ్ అనే ముసలి కానిస్టేబులు ఉన్నన్నాళ్ళూ ఇబ్బంది లేదు. టార్పాలిన్ ఎత్తి, కుప్పలోంచి ఒక కాయ చంకన పెట్టుకుని, “బసేలా!” అని నవ్వి పంపేవాడు. జూలూలో కొసరుకు అదే మాట. ఆ పొద్దున జార్జ్ లేడు. పెన్షన్ పుచ్చుకుని వెళ్ళిపోయాడు. అతని కుర్చీలో ఇస్త్రీ చొక్కా వేసుకున్న యువకుడు కూర్చుని ఉన్నాడు. చొక్కా మీద పేరు గ్యావిన్ నాయుడు అని ఉంది.

“ఎవుల పిల్లడివి? ఏ ఊరు?” అన్నాడు యెల్లప్ప.

“ఆషర్‌విల్, అంకుల్. నాకు తెలుగు రాదు. మా గ్రానీ తిట్టే తిట్లు వచ్చు, అంతే,” అన్నాడు అతను ఇంగ్లీషులో.

“సాలు. ఈ ఉజ్జోగానికి అయ్యే కావాల.”

గ్యావిన్‌కు మాట సగమే అందినా నవ్వాడు. తడిలోనే లారీ ఎక్కి బస్తాలు లెక్కపెట్టాడు. కుప్ప దగ్గర ఆగాడు.

“ఇదేంటి?”

“బసేలా.”

“పేపర్లో లేదు.”

“ఉండదు.”

గ్యావిన్ కిందికి దిగి చేతులు తుడుచుకున్నాడు. “అంకుల్, ఎలక్షన్ వస్తోంది. పాత లెక్కలన్నీ తవ్వుతున్నారు. లేని బస్తాలు రాసి ఈ బాడుగ డబ్బు తిన్నవాళ్ళు చాలామంది. ఇప్పుడు ఒక్క కాయ తేడా వచ్చినా మొత్తం లోడుకు బాడుగ ఆపెయ్యమన్నారు. నేను కొత్తవాణ్ణి, చర్చిలో అందరూ ప్రేయర్ చేస్తే వచ్చిన జాబ్ ఇది.”

“లేనియ్యి రాసినోళ్ళని పట్టుకో. నాను ఉన్నయ్యి రాయలేదు, అంతే కదా.”

“అదే రాద్దామంటున్నా. పెన్ ఇదిగో. మీకు శ్రమైతే నేనే రాస్తా. ఇంకొన్ని బస్తాలని వేసి స్టాంపు కొట్టేస్తా. వాటికీ బాడుగ వస్తుంది, లాభమే కదా అంకుల్.”

యెల్లప్ప పెన్ను వైపు చూశాడు. “రాస్తే అమ్మకం అయిపోద్ది.”

“ధర దగ్గర సున్నా వేస్తా.”

“సున్నా కూడా ధరే, బాబూ.”

గ్యావిన్ ఫారం తిప్పి చూశాడు, నిజంగానే వెతుకుతున్నట్టు. “బసేలాకి కాలమ్ లేదంకుల్. ఉంటే అందులో వేసేవాణ్ణి.”

యెల్లప్ప పెన్ను అందుకోకుండా వెనక్కి తిరిగాడు. లారీ ఎక్కి కుప్పంతా రోడ్డు పక్క గడ్డిలోకి దింపాడు. కాయల వైపు చూస్తూ దింపాడు. సాయంత్రం అవతలి నుంచి తిరిగొచ్చేసరికి ఎవరివో మేకలు వాటి చుట్టూ చేరి, తిన్నంత తిని, మిగిలినవి దొర్లిస్తున్నాయి. గ్యావిన్ గేటు గదిలోంచి వాటిని అదిలిస్తున్నాడు.

ఆ మధ్యాహ్నం అవతల మాడ్లమిని బస్తాలు దింపించుకుంది. ఖాళీ అయిన లారీలోకి ఒకసారి తొంగి చూసింది. ఏమీ అడగలేదు. ఎప్పటిలాగే ఫూతు పెట్టింది, పొడిపొడిగా వండిన మొక్కజొన్న సంకటి. పళ్ళెం నిండాక పైన ఇంకో గరిటె వేసింది. వేస్తూ బస్సుల వైపు చూసింది. యెల్లప్ప తిని లేచాడు.

ఇంటికొచ్చాక జరిగింది విని అతని భార్య భాగ్యం, “ఆవిడికి సెప్పినావా?” అంది.

“ఏటి సెప్పాల?”

“గేటుకాడ ఇలగయ్యిందని.”

“ఇచ్చినప్పుడు ఇస్తన్నానని సెప్పలేదు. మానేసినప్పుడు సెప్తానా?”

“ఓలమ్మా! నోరు తెరవాలన్నా పర్మిట్టు కావాల నీకు! ఆ పిల్లడు రాస్తానంటే రాయనీకపోయావా మావా?”

“కొసరు రాస్తారా ఎవులైనా?”

“అయితే మానెయ్యి. ఆ నాలుగు కాయలకి లారీ బాడుగ పోతే ఏటి తింటాం? ఓట్లయ్యాక ఆ గేట్లు ఎలాగూ పీకేస్తారంట. అప్పుడిద్దువుగాని, లారీడు ఇద్దువుగాని.”

యెల్లప్ప మానేశాడు. గేట్లు పోయేదాకానే కదా అనుకున్నాడు.

అతనికి తెలియంది ఏమీ లేదు, కళ్ళు ఉన్నాయి కనుక. ఆ కుప్పలోని కాయ ఒక్కటి కూడా మాడ్లమిని అమ్మేది కాదు. మూడుకాళ్ళ నల్ల ఇనప కుండలో మధ్యాహ్నానికి ఉడికేవి అవి. స్టాండులో చాపలేసుకుని అమ్ముకునే ఆడవాళ్ళంతా ఆ కుండ చుట్టూ చేరేవాళ్ళు. అందుకే బస్సులు ఆగే మొదటి చోటు, రేకు నీడ, ఎప్పుడూ మాడ్లమినిదే. ఎవరూ పోటీకి వచ్చేవాళ్ళు కాదు. ఆమె నీళ్ళకు వెళితే సరుకు వాళ్ళే చూసేవాళ్ళు.

కొసరు మానేశాక కొన్ని వారాలు కుండలో చిక్కుళ్ళు ఉడికాయి. తర్వాత నిప్పు లేదు. చాపలు ఒక్కొక్కటే దూరం జరిగాయి, ఎవరూ పోట్లాడలేదు. ఒకరోజు కుండ బల్ల కిందకు చేరింది. ఇంకోరోజు దాన్ని బోర్లించి ఉంది, మీద కోడి కూర్చుంది. యెల్లప్ప ఇవన్నీ చూస్తున్నాడని మాడ్లమిని కనిపెట్టింది. అతనికి పెట్టే పళ్ళెంలో ఆ పైన గరిటె కూడా ఎప్పుడు ఆగిపోయిందో, అతను గమనించేసరికి ఆగి కొంతకాలమైంది.

ఏప్రిల్లో ఓట్లు పడ్డాయి. యెల్లప్పా, భాగ్యం కూడా పొద్దున్నుంచి వరసలో నిలబడి వేసొచ్చారు. భాగ్యం కొత్త చీర కట్టుకుంది. వంతెన మీద గేట్లు లేచిపోయాయి. యెల్లప్ప వెళ్ళేసరికి గ్యావిన్ బోర్డు ఊడదీసి మేకులు డబ్బాలో వేసుకుంటున్నాడు.

“ఇంక ఆగక్కర్లేదంకుల్. ఏం తీసుకెళ్ళినా ఎవరూ అడగరు.”

“మరి బాడుగ?”

గ్యావిన్ చేతిలోని మేకు వైపు చూశాడు. “దేశం ఒకటే అయింది కదా. ఇక ఏ బోర్డర్ దాటినందుకు ఇస్తారంకుల్?” మేకు డబ్బాలో వేసి, “నన్ను కూడా ఎక్కడ వేస్తారో తెలియదు,” అన్నాడు.

ఆ మాట అంటుండగానే పెద్ద లారీ ఒకటి, వెనకాల ఇంకొకటి, ఆగకుండా వంతెన దాటిపోయాయి. యెల్లప్ప లారీలాంటివి నాలుగు పడతాయి ఒక్కోదానిలో. రెండింటి నిండా క్యాబేజీ.

జూన్‌లో, అక్కడి చలికాలంలో, ఆకాశం కడిగిన గాజులా ఉన్న ఒక పొద్దున, గడ్డి మీద మంచు ఇంకా తెల్లగా ఉండగానే యెల్లప్ప ఆఖరి కోత లారీకెత్తాడు. లారీ అమ్మేద్దామని ఇద్దరూ అనుకున్నారు. భాగ్యం తనూ వస్తానంది. ఇన్నేళ్ళలో ఆమె ఆ నది చూడలేదు. లారీ వెనక్కి వెళ్ళి చూసి నిలబడిపోయింది. ఒక్క బస్తా లేదు. అంతా కుప్పే.

“ఇదేటి మావా?”

“కొసరు.”

భాగ్యం ఎక్కి కూర్చుంది. వంతెన కనబడ్డాక, “అసలు లేకుండా కొసరేటి?” అంది మెల్లగా. అతను గేరు మార్చాడు.

గేటు గది తలుపు ఊడి ఉంది. తొట్టిలో వాననీళ్ళు. అలవాటుగా అతని కాలు బ్రేకు మీద పడింది, మళ్ళీ తీశాడు.

మాడ్లమిని రేకు నీడలో లేదు. అక్కడెవరో పెద్ద లారీ క్యాబేజీలు పోసుకుని అమ్ముతున్నారు. ఆమె మురికి కాలువ వైపు చివర, పెట్టె మీద విడి సిగరెట్లు, నాలుగు నారింజలు పెట్టుకుని కూర్చుంది. పక్కనే బోర్లించిన కుండ, మీద కోడి. లారీని చూసి లేవలేదు. భాగ్యం దిగాక మాత్రం లేచి, రెండు చేతులతో ఆమె చెయ్యి పట్టుకుంది.

“బస్తాలు లేవు. అంతా బసేలాయే,” అన్నాడు యెల్లప్ప జూలూలో.

మాడ్లమిని లారీ వైపు చాలాసేపు చూసింది.

“బాబా, నా తప్పేమిటో చాన్నాళ్ళు వెతుక్కున్నాను,” అంది. “ఓట్ల గొడవలు కదా, మేమంటే మీకు భయం పట్టిందనుకున్నాను ముందు. తర్వాత నా మాట ఏదైనా పెళుసుగా పడిందేమో అనుకున్నాను. వీళ్ళంతా అడిగారు, మీ ఇండియా ఆయన నీ మీద కోపమొచ్చి మానేశాడా అని. నాకు తెలిస్తే కదా చెప్పడానికి.”

“కోపం కాదు. గేటు దగ్గర... కాగితంలో రాయమన్నారు. నేను రాయనన్నాను.”

“రాస్తే ఏమయ్యేది?”

“రాస్తే బసేలా కాదు కదా.”

మాడ్లమిని ముందు నవ్వింది, తొడ చరుచుకుని నవ్వింది. నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. “నాకు చదువు రాదు బాబా. ఆ కాగితం మీద ఏం రాసుందో నాకెలా తెలిసేది? ఈ కుండకెలా తెలిసేది?”

భాగ్యానికి ఆ భాష వంటింటి మట్టుకే వచ్చు. అయినా ఆ మాట అర్థమైంది. మొగుడి మొహం చూసి, మళ్ళీ చూడలేదు. పెట్టె దగ్గర కూర్చుని క్యాబేజీ రేకులు వలవడం మొదలుపెట్టింది.

యెల్లప్ప లారీ తలుపు దించి నది వైపు తిరిగాడు. సిగరెట్టు ముట్టించలేదు. మాడ్లమిని కేకేస్తే ఆడవాళ్ళు వచ్చారు. కాయలు ఏరుకున్నారు, చీరచెంగులాంటి పైగుడ్డల్లో మూటలు కట్టుకున్నారు. ఒకామె డబ్బు చాపింది. అతను వెనక్కి తిరగకపోయేసరికి మళ్ళీ పైగుడ్డ కొసన ముడేసుకుంది. అందరూ మర్యాదగా వందనం చెప్పి ఎవరి చాప దగ్గరికి వాళ్ళు వెళ్ళిపోయారు. కుండ చుట్టూ ఎవరూ కూర్చోలేదు.

మాడ్లమిని కోడిని తోలి కుండ తిప్పింది. ఇసుకతో తోమింది, లోపలంతా తుప్పు. నీళ్ళు మూడుసార్లు పోసి పారబోస్తే గాని తేటబడలేదు. క్యాబేజీ, ఉల్లిపాయ, భాగ్యం మూటలో తెచ్చిన పచ్చిమిరప. పక్కన ఇంకో గిన్నెలో ఫూతు. పొగ సూటిగా లేచింది, గాలి లేదు. మూడు పళ్ళేలు సమానంగా నిండాయి. నారింజ పెట్టెల మీద ముగ్గురూ కూర్చుని తిన్నారు. పెద్ద లారీ ఒకటి వచ్చి రేకు నీడ ముందు ఆగింది, సరుకు దించింది, వెళ్ళింది. ఎవరూ తలెత్తలేదు.

కుండ అడుగున ఒక గరిటెడు మిగిలింది. గరిటె అందులోనే ఉంది. ముగ్గురికీ అది కనబడుతోంది. ఎవరూ అడగలేదు, ఎవరూ వడ్డించలేదు.