క్లచ్చు లేని మూడు కార్లు

ముప్పై నాలుగేళ్లు కారు నేర్పాను. నేర్పేవాడు కూర్చునే పక్క సీటు ముందు కూడా ఒక క్లచ్చు, ఒక బ్రేకు ఉంటాయి. నేర్చుకునేవాళ్లకు కంగారు పుడితే నా ఎడమకాలు క్లచ్చు తొక్కేస్తుంది. ఇంజను ఎంత అరిచినా చక్రాలకు బలం అందదు. క్లచ్చు అడుగుకు తగిలిందని కాలికి తెలిశాకే కుడికాలు బ్రేకు మీదికి వెళ్తుంది. ఇదంతా చూసి చేసేది కాదు. ఇంజను గొంతు మారగానే కాలు కదులుతుంది.

పాత కారుకు గడువు దగ్గర పడింది. దాన్ని ఇక డ్రైవింగు స్కూలు బండిగా ఒప్పుకునేది లేదని రవాణా ఆఫీసువాళ్లు కాగితం పంపారు. కొత్తది కొనాలి. నాకూ మా అమ్మాయికీ వారం రోజులు అదే గొడవ.

"మనం రోజంతా ఇరవై స్పీడు దాటం నాన్నా. కదలడం, ఆగడం, మళ్లీ కదలడం. దానికి ఎలక్ట్రిక్కే సరి. భోజనాల టైములో చార్జింగు పెడితే సాయంత్రం దాకా వస్తుంది."

"కరెంటు పోతే?"

"పెట్రోలు అయిపోతే ఏం చేస్తావు?"

"సీసా పట్టుకుని బంకు దాకా నడుస్తాను."

"నడువు. పిల్లలు చప్పట్లు కొడతారు."

షోరూం అతను వేళ్లు మడిచి చెప్పాడు. ఎలక్ట్రిక్‌కు ఇంజనే లేదు. ప్లగ్-ఇన్‌కు ఇంజను, మోటారు రెండూ ఉన్నాయి, ముందు చార్జింగుతో నడుస్తుంది, అది అయిపోతే పెట్రోలు. ఉత్త హైబ్రిడ్‌కు ప్లగ్గు అక్కర్లేదు, కావలసిన కరెంటు నడుస్తూనే పుట్టించుకుంటుంది.

"క్లచ్చు దేనికుంది?" అన్నాను.

"దేనికీ లేదు సార్. మీ వైపు బ్రేకు ఒక్కటే బిగిస్తాం."

ప్లగ్-ఇన్ మా ఇద్దరికీ నచ్చలేదు. చార్జింగు పెట్టడానికి బద్ధకిస్తే అది బ్యాటరీ బరువు మోసే పెట్రోలు కారు, అంతే. నేను హైబ్రిడ్ అన్నాను. దానికి గొంతైనా ఉంది.

అమ్మాయి నా మొహంలోకి చూసి చెప్పింది. "ఏ కారైనా తీసుకో నాన్నా. కానీ అందులో నువ్వు నేర్పగలవో లేదో ముందు చూద్దాం. కుదరకపోతే బండిలో నేను కూర్చుంటాను, నువ్వు స్కూలు ఆఫీసులో టేబుల్ దగ్గర కూర్చో."

టేబుల్ దగ్గర నా భార్య కూర్చునేది. ఆమె పోయి మూడేళ్లు. ఆమెను పెద్దాసుపత్రికి పంపే చీటీ రాయడానికి నాలుగు నెలలు నాన్చిన డాక్టరు ఇప్పటికీ మా వీధిలోనే ఉన్నాడు. ఎదురుపడితే రోడ్డు దాటి అవతలికి పోతాను. ఇంట్లో ఎలాగూ ఆమె లేని గదుల్లోనే తిరుగుతున్నాను. పగలు కూడా ఆమె లేని కుర్చీలో కూర్చోలేను. నాకు మిగిలింది ఆ పక్క సీటు ఒక్కటే.

"చూద్దాం పద. నేర్చుకునే మనిషిని కూడా తీసుకెళ్దాం," అన్నాను.

వచ్చింది టైలరమ్మ. యాభై ఏళ్ల మనిషి, బజారులో జాకెట్లు కుట్టే కొట్టు. పదకొండు పాఠాలైనా ఇంజను ఆగిపోకుండా పాత కారును మలుపు తిప్పలేకపోయింది. మూడు కాళ్లుంటే తప్ప ఈ విద్య రాదని ఆమె వాదన.

షోరూం వెనక ఖాళీ జాగాలో, స్కూళ్లవాళ్లకు చూపించడానికని పక్క బ్రేకు బిగించిన మూడు బళ్లున్నాయి. అమ్మాయి రబ్బరు కోన్లు వరసగా పెట్టి చివర, ప్రహరీ గోడ దగ్గర నిలబడింది.

ముందు ప్లగ్-ఇన్. రెండు చుట్లు తిరిగి దిగాం. తర్వాత ఎలక్ట్రిక్. టైలరమ్మ పెడలు మీద కాలు పెట్టింది, బండి కదిలింది. కాలెత్తింది, ఆగింది. మళ్లీ పెట్టింది. మొహం వెలిగిపోయింది.

"అయ్యో మాస్టారూ, ఇది మా మోటారు మిషనే కదా! నొక్కితే కుడుతుంది, వదిలితే ఆగుతుంది. ఇన్నాళ్లూ నన్నెందుకు చంపారు?"

కోన్ల మధ్య ఒక్కటి కూడా తగలకుండా తిప్పింది. అమ్మాయి అవతల నుంచి రెండు చేతులూ ఊపింది. నా కాళ్లు ఖాళీగా ఉన్నాయి. చెవులకూ పని లేదు. గంటసేపు నేను మాట్లాడకపోయినా ఆ మనిషి కారు నడిపేలా ఉంది. నాకు ఒళ్లు మండింది.

"చాలు. హైబ్రిడ్ ఎక్కండి," అన్నాను.

ఇందులో కాలెత్తితే బండి ఆగదని, మెల్లగా పాకుతూనే ఉంటుందని, బ్రేకు తొక్కాలని ఆమెకు చెప్పాలి. ముప్పై నాలుగేళ్లలో బండి మారిన ప్రతి మనిషికీ మొదట ఆ బండి తేడా చెప్పాను. ఆ రోజు చెప్పలేదు. తడబడితే చూద్దామనుకున్నాను. అలా అనుకున్నానని ఇక్కడ రాస్తున్నాను.

చివరి కోను దగ్గర ఆమె కాలెత్తింది. బండి పాకింది. "ఆగదేంటి మాస్టారూ?" అంటూ మళ్లీ నొక్కింది. అంతవరకు నిద్రపోతున్న ఇంజను ఒక్కసారి గర్జించింది. బెదిరిపోయి ఇంకా గట్టిగా నొక్కింది.

ఆ గొంతు వినగానే నా ఎడమకాలు తొక్కింది. కింద ఉత్త నేల. అడుగు తగిలింది కనుక బలం తెగిందనే అనుకుంది కాలు. తెగలేదు. కుడికాలు బ్రేకు మీద పడేసరికి అమ్మాయి బండికీ గోడకూ మధ్య ఉంది.

మోకాలి కింద రెండు ఎముకలు విరిగాయి.

అందరూ పరుగెత్తుకొచ్చారు. టైలరమ్మ నేల మీద కూలబడి నెత్తి బాదుకుంది. "నా కాలు విరిగిపోనూ, నేనే తొక్కేశాను!" షోరూం అతను నా భుజం పట్టుకుని, "మీరు బ్రేకు వేశారు కాబట్టి సరిపోయింది సార్, లేకపోతే ప్రాణం పోయేది," అన్నాడు. నేను ఒక్క మాట కూడా అనలేదు.

ఆసుపత్రిలో కట్లు కట్టాక అమ్మాయి నన్ను దగ్గరికి రమ్మంది. డ్రైవింగు నా దగ్గరే నేర్చుకుంది. నా కాళ్ల సంగతి దానికి తెలుసు.

"ముందు క్లచ్చు తొక్కావు కదూ?"

"ఊఁ."

"ఆమెకు బండి తేడా చెప్పావా?"

నేను కిటికీ వైపు చూశాను.

"నాన్నా, నిన్నే."

"లేదు."

అది ఏడవలేదు, అరవలేదు. వాళ్లమ్మ కూడా అంతే, కోపమొస్తే గొంతు తగ్గించేది. "ఎలక్ట్రిక్ తీసుకుంటున్నాను. నాకు నయమయ్యేదాకా వేరే మాస్టారిని పెడతాను. నువ్వు బండెక్కద్దు. ఏ బండీ," అంది. ఆ సాయంత్రం కారు కొనే కాగితాలు తెప్పించింది. సంతకం పెట్టాను.

నెల తర్వాత టైలరమ్మ కొట్టుకు వెళ్లాను. ఆమె పాఠాలకు రావడం మానేసింది. నన్ను చూసి లేచి స్టూలు తుడిచింది.

"అమ్మాయికి ఎలా ఉంది మాస్టారూ? నాకు నిద్ర పట్టట్లేదు. మీరు లేకపోతే ఆ రోజు నేను హంతకురాలినే. ఈ చేత్తో ఇక స్టీరింగు ముట్టను."

"ఆపండి," అన్నాను. అంతా చెప్పాను. కాలెత్తితే ఆ బండి ఆగదన్న సంగతి, నేను కావాలని దాచిన సంగతి, క్లచ్చు సంగతి.

ఆమె చేతిలోని గుడ్డ అంచు మడిచింది.

"ఎందుకు దాచారు?"

"మీరు ఆ ఎలక్ట్రిక్ కారు బాగా నడిపారు."

"బాగా నడిపితే?"

ఆమె నా మొహంలోకి చూసింది. ఆమెకు అర్థమైంది.

"మా ఆయన, పిల్లలు, బజారులో వాళ్లు, నెల రోజులుగా అందరూ నన్నే అంటున్నారు. ఎవరేమన్నా నోరు మూసుకుని పడ్డాను. మీరు రోజూ ఈ దారినే పోతున్నారు కదా మాస్టారూ."

"పోతున్నాను."

"పొండి."

మిషను పెడలు మీద కాలు పెట్టింది. నేను మెట్లు దిగేదాకా కుట్టు ఆగలేదు.