ఇరవై పెట్టెల చేపలు

పూర్వ విద్యార్థుల సంఘం తరఫున, సమోవా రాజధాని అపియా నుంచి వ్యానుతో సహా పడవ మీద సవాయి దీవిలోని మా చర్చి బడికి ఇరవై పెట్టెల టిన్ను చేపలు పట్టుకెళ్లాం. హాస్టలు పిల్లల కోసం. ప్రార్థన ముగిశాక, అతిథులను ఉత్తచేతులతో పంపకూడదని, తెచ్చినదానికి తగ్గట్టు తిరిగి పెట్టాలని మా వ్యానులో రెండు కాల్చిన పందులు, నేసిన చాపలు, పన్నెండు పెట్టెల చేపలు ఎక్కించారు. ఆ పెట్టెలు మేం తెచ్చినవే. వద్దంటే అవమానం, తీసుకుంటే పిల్లలు ఏం తింటారు? ఎవరు ఎవరికి సాయం చేశారో కార్యదర్శినైన నాకే అర్థం కాలేదు.

“ఇవన్నీ మాకెందుకు టీచరమ్మా?” అన్నాను చిరాగ్గా.

ఒకప్పుడు నాకు చదువు చెప్పిన మసీనా టీచరు నన్ను పక్కకు లాగింది.

“నోర్మూసుకుని తీసుకో, ఊరంతా చూస్తోంది. కానీ ఒరే ఉయెలెసె, వచ్చే ఏడు కాస్త తక్కువ పట్టుకురండిరా. బడికి ఇంక ఒక్క పందే మిగిలింది.”